యెషయా వేషం, ఇస్త్రీ పెట్టెలో నిప్పు

మా చిన్నప్పుడు డిసెంబరు వచ్చిందంటే స్టేషన్ ఘన్‌పూర్‌లో మా చర్చి పిల్లలకు నాటకాల పిచ్చి పట్టేది... ఆ ఏడు సండే స్కూల్ సునంద టీచర్ యెషయా ప్రవక్త దర్శనం వేయిస్తానంది. "ప్రవక్త ఎవరైతరు?" అనగానే నేను చెయ్యెత్తాను. అందరూ కిసుక్కున నవ్వారు. ఎందుకంటే నాకు నత్తి.

నేను చెయ్యెత్తిందే అందుకు. ఆ దర్శనంలో దేవుడు ఎత్తైన సింహాసనం మీద కూర్చుంటాడు... ఆయన అంగీ అంచులతోనే గుడంతా నిండిపోతుంది, గడపలు కదులుతాయి, ఎటు చూసినా పొగ... నా పెదవులు మంచివి కావు, నా పని అయిపోయిందని యెషయా వణికిపోతాడు. అప్పుడు ఆరు రెక్కల దూత పట్టుకారుతో నిప్పు తెచ్చి ఆయన నోటికి తాకిస్తాడు. ఆ తర్వాత దేవుడు ఎవరు వెళ్తారని అడిగితే, నేనున్నాను, నన్ను పంపు అంటాడు. ఆ నిప్పు తగిలితే నా నోరూ బాగవుతుందని నేను గట్టిగా నమ్మాను.

టీచర్ నిప్పుకు బదులు ఎర్ర కాగితం చుట్టిన గులకరాయి ఇచ్చింది. కాగితంతో నత్తి పోతుందా? దూత వేషం మా చిన్నమ్మ బిడ్డ సుజాతది. మా అమ్మకు ఇస్త్రీ బండి ఉండేది, బొగ్గుల పెట్టెతో. "అమ్మ పెట్టెలకెళ్లి ని... నిజం నిప్పే తే. ఎవలకన్న చెప్తే నీతోని కటీఫ్" అన్నాను.

నాటకం రోజు సుజాత అట్ట రెక్కలు ఊపుకుంటూ వచ్చింది. పట్టుకారులో నిప్పు కణకణలాడుతోంది. పెదాలకు సెగ కొట్టింది. పారిపోదామనిపించింది గానీ, కళ్లు మూసుకుని మొహం ముందుకే పెట్టాను.

ఆడవాళ్ల వరసలోంచి అమ్మ లేచింది. "అది నా పట్టుకారే గదా... ఓ సుజాత, అది నిప్పే, కింద పారెయ్!" సుజాత బెదిరి వదిలేసింది. టీచర్ పరుగున వచ్చి చెంబెడు నీళ్లు పోసింది.

నిప్పు నన్ను తాకనే లేదు. నేను చెప్పాల్సిన మాట మాత్రం మిగిలే ఉంది. తెర వెనక నుంచి దేవుడి మాటగా పాస్టరు గారి గొంతు, "ఎవరు వెళ్తారు?"

"నే... నే..."

ఎవరో నవ్వారు. "ఊకోండ్రి. పిల్ల చెప్తాంది, జర ఆగుండ్రి" అన్నాడు ముందు వరసలోని ఏసోబు తాత. చర్చి మొత్తం ఆగింది. పిడికిళ్లు బిగించాను. చెప్పకుండా దిగేది లేదనుకున్నాను.

"నే... నే... నేనున్నాను. న... నన్ను పంపు."

బయటికొచ్చాక, నత్తి పోలేదని అమ్మ కొంగు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మ ముందు వీపు మీద ఒక్కటిచ్చింది. తర్వాత ముక్కు తుడిచి, "దేవుని ముందట దూతలు గూడ పరిశుద్ధుడు అని ఒకటే మాట మూడుసార్లు అంటరు. ఎవలన్న నవ్విన్రా?" అంది.

నత్తి ఇప్పటికీ ఉంది. దాంతోనే హన్మకొండలో బళ్లో పాఠాలు చెప్తున్నాను, మానేది లేదు. మొన్న క్రిస్మస్‌కు మళ్లీ మా చర్చిలో నాటకం చూశాను... మాటలన్నీ ముందే రికార్డు చేసి స్పీకర్లో పెట్టారు, పిల్లలు పెదాలు కదిపితే సరిపోయింది. ఒక్క తప్పు లేదు. ఎవరి కోసం ఎవరూ ఆగాల్సిన పనే రాలేదు... నాకు మాత్రం మనసు చివుక్కుమంది.

మీ మాట కోసం అలా ఆగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? చెప్పండి... నిదానంగానే చెప్పండి, నేను ఆగుతాను.