కోత పండుగలో గుమ్మడికాయ

ఏంజెలిన్‌ను కాసేపు కుర్చీలో కూర్చోబెట్టడం ఉదయగిరిలో మా డిగ్రీ కాలేజీలో ఎవరివల్లా కాలేదు. ఆమె పర్యావరణం చెప్పే కాంట్రాక్టు లెక్చరర్, నేను తెలుగు చెబుతాను. స్టాఫ్‌రూమ్‌లో నా టీ చల్లారేదాకా చుట్టూ తిరుగుతూ ఒకటే గోల.

“గైడు బట్టీ కొట్టి అమెజాన్ అడవుల మీద రెండు పేజీలు రాస్తారు సార్. ఎదురుగా ఉండే కొండ మీద ఒక్క చెట్టు పేరు చెప్పలేరు. ఇదేం చదువు?”

“ముందు కూర్చో తల్లీ, నాకు తల తిరగతా ఉండాది.”

యూనివర్సిటీ పర్యావరణం పేపరు మారుస్తామని కాలేజీల సలహాలు అడిగింది. సగం మార్కులు ఊళ్ళో అడిగి తెలుసుకున్నదానికే ఇవ్వాలని ఏంజెలిన్ పట్టు. ప్రిన్సిపాల్ ప్రేమానందం గారు మెలిక పెట్టారు. “ఒకసారి చేసి చూపించమ్మా. ఎవరూ నొచ్చుకోకుంటే నీ సలహా పంపిస్తా. గొడవైతే మళ్ళీ గైడే.”

మర్రిపాడు దగ్గర తన సొంతూరి చర్చిలో కోత పండుగను ఆమె ఎంచుకుంది. ఆ రోజు ఎవరి చేలో పండింది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. ఏది ఏ చేలో, ఏ నీళ్ళతో పండిందో పిల్లలు అడిగి రాయాలి. ప్రిన్సిపాల్ గారితో నేనూ వెళ్ళాను.

అడిగితే జనం నీళ్ళు నమిలారు. ఒకరు తెచ్చిన అరటిగెల బజారులో కొన్నదని తేలింది. సజ్జలు తెచ్చిన సంఘపెద్ద సిద్ధయ్య మండిపడ్డాడు. “దేవుడికిచ్చేదానికి కూడా ఆరాలేందిరా?” ప్రిన్సిపాల్ గారి మొహం ముడుచుకుపోయింది. ఏంజెలిన్ కాలుగాలిన పిల్లిలా చర్చి చుట్టూ తిరుగుతోంది.

అంతలో అశ్విత అనే విద్యార్థిని ఏంజెలిన్ తల్లి మాలకొండమ్మ తెచ్చిన గుమ్మడికాయ దగ్గర ఆగింది. “ఇది ఏ చేలోదవ్వా?”

“మా చేలోదే,” అని ఏంజెలిన్ గర్వంగా అందుకుంది.

మాలకొండమ్మ తల దించుకుంది. “కాదు పాపా. ఆత్మకూరు మార్కెట్లో కొన్నా. మా బోరెండిపోయి రెండేళ్ళయింది.”

ఏంజెలిన్ కొయ్యబారిపోయింది. “నాకెందుకు చెప్పలేదమ్మా?”

“నువ్వసలే నిలకడ లేనిదానివి, చెప్తే నిద్రపోతావా? అయినా, ఇంటికొచ్చినప్పుడు ఒక్కసారన్నా చేను దిక్కు పోయినావా?”

అశ్విత పెన్ను దించి, “ఇది వదిలేద్దామా మేడం?” అంది.

“రాయి. కూతురు పర్యావరణం లెక్చరరని కూడా రాయి.” అంది ఏంజెలిన్.

సిద్ధయ్య దగ్గాడు. “నా సజ్జలూ కలిగిరిలో కొన్నవే. రాసుకోమ్మాయ్.” వెనకనుంచి ఇంకొకామె, “నాదీ రాసుకో,” అంటూ ముందుకొచ్చింది.

ప్రేమానందం గారు నాతో మెల్లగా, “ఆమె సలహా పంపిస్తానని చెప్పండి,” అన్నారు.

ఎవరికి చెప్పను? ఏంజెలిన్ అప్పటికే తల్లి చెయ్యి పట్టుకుని చేను దిక్కు నడుస్తోంది.