నమాజు వేళ కిర్రుమనే చట్రం

జడ్చర్లలో జాహేదా జాకెట్ల మీద చేసే మగ్గం పనికి ఎంత పేరుందో ఆమె అనుమానానికీ అంతే పేరుంది. పాలవాడు క్యాను దించేలోపే పాలలో వేలు ముంచి చూస్తుంది. గ్యాస్ బండ తెచ్చినవాణ్ణి నిలబెట్టి, బండను రెండు చేతులా ఊపి గానీ పంపదు. భర్త పోయాక ఆడపిల్లను పెట్టుకుని ఒక్కతే ఇల్లు నెట్టుకొచ్చిన మనిషి. ఎవరినైనా నమ్మి ఉంటే ఏనాడో మునిగేదాన్నని ఆమె అభిప్రాయం. అది పూర్తిగా తప్పని అనడానికీ లేదు.

పై గదిని సతీశ్‌కు కిరాయికి ఇచ్చింది. దేవరకొండ వైపు అబ్బాయి, మందుల కంపెనీలో రాత్రి డ్యూటీ, పగలంతా గదిలోనే ఉంటాడు. దిగిన కొన్నాళ్ళకే మెట్లు దిగి వచ్చి ఒక మాట అడిగాడు.

"అమ్మా, మిద్దె మీద ఒక తీగ కట్టుకుంట. రేడియోకు. నాకు లైసెన్సు ఉన్నది."

"మిద్దె మీద ఏం వద్దు. రేపు గల్లీ అంత చూస్తది. ఇల్లు ఎవరిదంటరు? నాదంటరు."

సతీశ్ బతిమాలలేదు. మెట్ల కింద మూలన పడున్న పాత మగ్గం చట్రం కర్రలు చూసి, అవన్నా తీసుకోనా అని అడిగాడు. చెదలు పట్టే కర్రలే కదా, పొయ్యిలోకి పోయేవే కదా అని ఇచ్చేసింది. ఇచ్చిన మరుక్షణం నుంచి ఎందుకు అడిగాడా అని మొదలైంది ఆమెకు.

బట్టలు ఆరేసే వంక పెట్టుకుని మిద్దె ఎక్కి, ఓరగా తెరిచిన తలుపులోంచి చూసింది. తను ఇన్నేళ్ళు జాకెట్లు బిగించి కుట్టిన చట్రం స్టూలు మీద నిలువుగా నిలబడి ఉంది. దాని చుట్టూ రాగి తీగ వరసలు వరసలుగా చుట్టి ఉంది. సతీశ్ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చట్రాన్ని వేలెడంత వేలెడంత తిప్పుతున్నాడు. తిప్పినప్పుడల్లా స్టూలు కిర్రుమంటోంది. జాహేదా బట్టలు ఆరెయ్యకుండానే దిగొచ్చింది.

ఇంకో కాలమైతే ఇంత భయపడేది కాదు. కూతురు హిబా అప్పుడే కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికైంది. పొద్దున్నే మైదానంలో పరుగెత్తీ పరుగెత్తీ కాళ్ళు పుండ్లు చేసుకుని తెచ్చుకున్న ఉద్యోగం. ఇక మిగిలింది వెరిఫికేషన్. పోలీసు మనిషి వచ్చి ఇల్లు చూస్తాడు, ఇరుగుపొరుగును అడుగుతాడు. ఇప్పుడే దొరికిందా ఈ రేడియో! ఇదే తీగ ఇంకొకరి ఇంట్లో ఉంటే పిల్లవాడి సరదా అంటారు, తన ఇంట్లో ఉంటే ఏమంటారో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆ రోజు నుంచి చెవులు పైకప్పుకే అతికించుకుంది. అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. తను కుట్టుపనికి పెట్టుకున్న ఎల్‌ఈడీ దీపం కింద కూర్చుని కుడుతున్నంతసేపూ పైన చప్పుడుండదు. మధ్యాహ్నం జొహర్ నమాజుకని దీపం ఆర్పి లేస్తుందా, కిర్రు! సాయంత్రం అసర్ నమాజుకు లేస్తుందా, మళ్ళీ కిర్రు! పరీక్షిద్దామని ఒకరోజు నమాజు వేళ కాకుండా ఊరికే ఆర్పి చూసింది. దానికీ కిర్రుమంది.

"మనం లేచేదాకా కాసుకొని కూర్చుంటున్నడే," అంది హిబాతో.

"పోయి ఆయన్నే అడుగరాదు అమ్మీ?"

"తప్పు చేసేటోడు అడిగితె నిజం చెప్తడా? నీకు పోలీసు నౌకరి ఎట్ల ఇచ్చిండ్రే!"

సతీశ్‌ను తప్ప అందరినీ అడిగింది. కిరాణా కొట్టు గుర్వమ్మ దగ్గర ఉల్లిగడ్డలు ఏరుతూ, "ఎవ్వరికి చెప్పకు గనీ, మా పై గది పిలగాడు వైర్‌లెస్ పెట్టిండు, గదేంది గట్ల చేస్తడు?" అని చెవిలో వేసింది. ఎవ్వరికీ చెప్పొద్దని గుర్వమ్మకు చెప్పడమంటే మైకులో చెప్పడమే. ఆ మాత్రం అనుమానం గుర్వమ్మ మీద ఎందుకు రాలేదో మరి.

వెరిఫికేషన్‌కు వచ్చిన మనిషి పేరు జంగయ్య. మామూలు బట్టల్లో, చంకలో ఫైలుతో, గల్లీ అంతా తిరిగి చివరికి ఇంటికొచ్చాడు. జాహేదా దీపం ఆర్పి, ఒళ్ళోని జాకెట్టు పక్కన పెట్టి పరుగున తలుపు తీసింది. ఆయన కుర్చీలో కూర్చుని, నీళ్ళు తాగి, తీరిగ్గా అడిగాడు.

"మీ ఇంట్ల వైర్‌లెస్ ఉన్నదట గద?"

"మా ఇంట్లనా? అసొంటియి ఏం లేవు సార్!"

పైన కిర్రుమంది.

జంగయ్య తలెత్తి కప్పు వైపు చూశాడు. హిబా తల్లి వైపు చూసింది. జాహేదా నేల వైపు చూసింది. దీపం తనే ఆర్పానన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ముగ్గురూ పైకి వెళ్ళారు. సతీశ్ కంగారు పడకుండా లైసెన్సు చూపించాడు. మనకు దొరికే స్టేషన్లకంటే చాలా కింది వరసలో, పొడుగాటి అలల మీద దూరదేశాల ఔత్సాహికులు మాట్లాడుకుంటారనీ, దానికి పొలమంత పొడుగు తీగ కావాలనీ, అంత జాగా లేనివాళ్ళు ఇలా చట్రానికి చుట్టి ఇంట్లోనే ప్రయత్నిస్తారనీ చెప్పాడు. హెడ్‌ఫోన్ పీకి స్పీకరు పెట్టాడు. ఎక్కడో విమానాలకు దారి చూపే స్టేషన్ సన్నగా కూస్తోంది. చట్రం తిప్పితే తగ్గింది, ఇంకాస్త తిప్పితే పెరిగింది.

జాహేదా ఆగలేకపోయింది. "గదంత మంచిదే సార్. నేను నమాజుకు లేచినప్పుడే ఎందుకు తిప్పుతడు? గదడుగుండ్రి!"

సతీశ్ ఇబ్బందిగా నవ్వి, హిబాను కిందికి వెళ్ళి దీపం వెయ్యమన్నాడు. దీపం వెలగగానే స్పీకరు బుర్రుమని ఒకటే మోత. కూత మునిగిపోయింది.

"అమ్మ లైటు అడాప్టరు లొల్లి సార్ ఇది. పక్కల నుంచి వచ్చే లొల్లి అయితే చట్రం తిప్పితే పోతది. ఇది సరిగ్గ కింది నుంచి వస్తాంది, ఎటు తిప్పినా పోదు."

"మరి చెప్పకపోయినవా?" అన్నాడు జంగయ్య.

"ఆ లైటు కిందనే కుట్టి బతుకుతాంది సార్. బంద్ చెయ్యమని ఏ నోటితో అడుగుత? ఆమె నమాజుకు లేచి లైటు బంద్ చేసినప్పుడే రేడియో ఇంటున్న."

జాహేదా కొంగు నెత్తి మీదికి లాక్కుంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

జంగయ్య లైసెన్సు నంబరు రాసుకుని కిందికొచ్చాడు. గడప దాటుతూ ఆగాడు. "నలుగురిని అడిగిన అమ్మా. నలుగురు గీ వైర్‌లెస్ ముచ్చటే చెప్పిండ్రు. మీకెవరు చెప్పిండ్రంటే, అందరు జాహేదానే అన్నరు. నీ బిడ్డ మీద గీ ఊర్ల చెడ్డ మాట చెప్పింది నువ్వొక్కదానివే. ఫికర్ చెయ్యకు, నేను చూసింది రాస్త."

హిబా కుర్చీ గోడకు జరిపి, ఆయన తాగిన గ్లాసు కడగడానికి వెళ్ళింది. అరిచినా బాగుండేది.

పైన సామాను జరుపుతున్న చప్పుడు. జాహేదా మెట్లెక్కి చూస్తే సతీశ్ బట్టలు సంచిలో పెడుతున్నాడు. తన వల్ల హిబాకు ఇబ్బంది వద్దన్నాడు. తప్పైపోయిందని చెప్పడం ఆమెకు పుట్టుకతో రాదు. గుమ్మంలో నిలబడి, మూతి ముడిచి అంది.

"అసర్ యాళ్లయింది. లైటు బంద్ చేస్తున్న. రేపటి సంది జర ఎక్కువసేపే బంద్ పెడ్త, పగటి పూట కిటికీ కాడ కూసుండి కుట్టుకుంట."

సమాధానం కోసం ఆగకుండా దిగిపోయింది. దీపం ఆర్పింది. చాప పరిచింది. చేతులు కట్టుకుని నిలబడిందే గానీ మనసు నమాజు మీద లేదు, కప్పు మీదే ఉంది. ఏ చప్పుడూ లేదు. నడుం వంచింది. నుదురు నేలకు ఆనించింది.

అప్పుడు పైన కిర్రుమంది.