పేనుకొరుకుడు

నా నడినెత్తిన రూపాయి బిళ్లంత మేర జుట్టు లేదు. అమెరికాలో, బాతెల్ ఊళ్లో నాతో ఉండటానికి వచ్చిన అమ్మ, ఒక ఆదివారం నా తలకు నూనె పెడుతూ ఆ చోటు చూసేసింది.

"అయ్యో, పేనుకొరుకుడే! గురివింద గింజ అరగదీసి రాస్తే ఇట్టే పోతుంది."

ఇండియన్ స్టోర్‌లో గురివిందలు దొరకలేదు. ఉల్లిపాయ రసంతో సరిపెట్టుకుంది. రోజూ పొద్దున్నే రుద్దేది. మీటింగుల్లో కెమెరాకు వాసన తెలియదు కాబట్టి బతికిపోయాను.

నా జుట్టును ఏదీ కొరకలేదు. నేనే పీక్కున్నాను. కోడ్ రాస్తుంటే చెయ్యి దానంతటదే పైకి పోతుంది. గరుకుగా తగిలిన వెంట్రుకను పట్టి లాగితే ఒక్క క్షణం ప్రాణం హాయిగా ఉంటుంది. వెంటనే ఏడుపొస్తుంది.

ఇది ఓసీడీకి దగ్గర చుట్టమే గాని, రెండూ ఒకటి కావని నేను వెళ్లే థెరపిస్ట్ చెప్పింది. ఓసీడీలో మనిషిని ఏదో భయం తరుముతుందట, దాన్ని అణచుకోవడానికే చేసిన పనే మళ్లీ మళ్లీ చేస్తాడట. దీనిలో చాలాసార్లు ఆ భయం ఉండదట. వింటుంటే నాకు అమ్మ గుర్తొచ్చింది. స్టవ్ కట్టేశానో లేదోనని ఫ్రీవే ఎక్కాక కూడా కారు వెనక్కి తిప్పిస్తుంది. అది జబ్బో, ఉత్త చాదస్తమో నాకు తెలియదు.

కొన్నాళ్లకు నెత్తి మీద చిన్న మొలకలు వచ్చాయి. అమ్మ మురిసిపోయింది. కానీ నా వేళ్లు వెతికేది సరిగ్గా అలాంటి మోటు వెంట్రుకల కోసమే. రెండు రోజుల్లో అన్నీ పీకేశాను.

"మళ్లీ కొరికేసిందే!" అని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటే ఇక ఉండబట్టలేక చెప్పేశాను.

"ఎందుకే? మానెయ్యొచ్చుగా?"

"నువ్వు స్టవ్ చూడటం మానెయ్యగలవా?"

"ఇల్లు కాలిపోతుందని నా భయం. నీకేం భయమే తల్లీ?"

నాకే భయమూ లేదు.

అమ్మ సోఫాలో పక్కన కూర్చుని నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. "నేను పట్టుకుంటాగా, చెయ్యి పైకి ఎలా పోతుందో చూద్దాం," అంది. టీవీ చూస్తూ చూస్తూ కునుకు తీసింది. లేస్తే బాగుండునని ఆమె మొహంకేసే చూస్తూ కూర్చున్నాను. లేవలేదు. నిద్ర చెడకుండా, ఆమె వేళ్ల మధ్య నుంచి నా కుడి చెయ్యి మెల్లగా బయటికి తీసుకున్నాను.