ఎడమ జేబులో పెట్టె

లేత్ మిషను మేస్త్రీ సిగరెట్టుతో సిగరెట్టు ముట్టించే మనిషి. బీపీ, షుగరు వచ్చినా ఖాతరు చేయలేదు. క్యాన్సర్ ఉందేమో చూపించుకోమని భార్య పోరుపెడితే, ఆమె నోరు మూయించడానికే స్కానింగుకు వెళ్లాడు.

"ఊపిరితిత్తుల్లో గడ్డలేవీ లేవు," అంది డాక్టరమ్మ.

మేస్త్రీ భార్యకేసి చూసి మీసం మెలేశాడు.

"కానీ గుండె రక్తనాళాల్లో సున్నంలా కాల్షియం పేరుకుంది. ఇలాగే కాలిస్తే గుండెకు ముప్పు."

"ఊపిరితిత్తులు చూడమంటే గుండె జోలికి ఎవరు పొమ్మన్నారమ్మా?" అని గయ్యిమన్నాడు.

భార్య అతని చొక్కా ఎడమ జేబులోని సిగరెట్టు పెట్టెకేసి చూసింది.

మెట్లు దిగుతూ మేస్త్రీ ఆయాసంతో ఆగాడు. పెట్టె తీసి ఆమె చేతిలో కుక్కాడు.

"మానేస్తున్నా. ఆవిడ చెప్పిందని కాదు, నువ్వు పోరుపెట్టావనీ కాదు."

"మరెందుకట?"

"మొదలుపెట్టినప్పుడు ఎవర్నడిగాను? మానడానికీ నాకెవరూ చెప్పక్కర్లేదు!" అంటూనే ఖాళీ జేబు తడుముకున్నాడు.