వెలుతురు పడే వరుస

నిన్న సాయంత్రం సూరత్ ఉధ్నాలో బస్సు కోసం నిలబడి ఉంటే ఒక ప్రచార ఆటో నా ముందు నుంచి వెళ్లింది. దాని మైకులోంచి హార్మోనియం, వెంటనే ఒక ఆడగొంతు. చరణం పూర్తికాకముందే గుర్తుపట్టేశాను. నాటకంలో నాయిక రేవా పాడే పాట! నేను పుట్టకముందు నుంచి ఆడుతున్న ఆ గుజరాతీ సంగీత నాటకం మళ్లీ సూరత్‌కు వచ్చింది. దాని మూలం అంతకంటే ఎంతో పాతదైన ఒక నవల. నా బస్సు వచ్చి వెళ్లిపోయింది. నేను మాత్రం చప్పుడు లేకుండా పెదాలతో ఆ పాట పాడుతూ నిలబడ్డాను. అలా పాడటం నాకు పద్మత్త వల్ల అబ్బింది.

పద్మత్త మాకు చుట్టం కాదు, పక్క గదిలో ఉండేది. మా నాన్న పనిచేసే మరమగ్గాల షెడ్డులోనే ఆమె దారపు కండెలు చుట్టేది. మరమగ్గాలను తెలంగాణ నుంచి వలసొచ్చిన మావాళ్లు సాంచలంటారు. బడి అయ్యాక నాన్నకు టీ తీసుకుని వెళ్లేదాన్ని. అప్పట్లో నా గొంతు ఎంత చిన్నదంటే, హాజరు పలికినా వినపడక టీచరు నన్ను రెండోసారి పిలిచేది. షెడ్డులో సాంచల మోతకు ఎవరి గొంతూ వినపడదు. అందరూ పెదాలు పెద్దగా కదిలిస్తూ, చేతులు ఆడిస్తూ మాట్లాడుకుంటారు.

“ఏందే పోరీ, పెదాలు కుట్టుకున్నవా?” అంది పద్మత్త మొదటి రోజే, అదీ పెదాలతోనే. “నోరు మంచిగ తెరువు. ఈడ గొంతుతోని పనిలేదు.”

గొంతుతో పనిలేని చోటు! నాకు అంతకంటే ఏం కావాలి? బడి లైబ్రరీలో చదువుతున్న ఆ నవలను రోజుకు కొంత ఆమెకు తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. రేవా పడవవాడి కూతురు. పడవలో ఎవరూ లేనప్పుడే పాడుతుంది, మనిషి కనపడితే నోరు మూసుకుంటుంది. ఆమె వెంటపడే వకీలొకడుంటాడు. “గా వకీలు మళ్ల వచ్చిండా? సిగ్గులేదా వానికి?” అని పద్మత్త కండె పట్టుకునే కోప్పడేది. ఒకసారి నాలుగు సాంచల అవతలి నుంచి ఒకాయన పగలబడి నవ్వాడు. ఆయన కూడా నా పెదాలు చూస్తూ కథ వింటున్నాడట! సిగ్గుతో చచ్చిపోయాను. లోలోపల మాత్రం ఎంత పొంగిపోయానో ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను.

చివరి అధ్యాయం మిగిలి ఉండగా నాటకం పోస్టరు పడింది. “ఆఖరుది చెప్పకు బిడ్డా. రేవా మందిల పాడుతదో లేదో నా కండ్లతోని చూస్త” అంది పద్మత్త. అప్పటికే ఏళ్ల తరబడి మోతలో ఆమె చెవులు దాదాపు పోయాయి. పాటల నాటకం కదా ఎలా అంటే నవ్వింది. “సాంచల నడుమ నీ మాట అందింది, పాటల నడుమ అందదా?”

నాకూ అనుమానం రాలేదు. ఆదివారం మధ్యాహ్నం ఆటకు వెళ్లి చివరి వరుసలో కూర్చున్నాం. తెర లేచింది. నీలం అలల మీద పడవ ఊగింది! చప్పట్లే చప్పట్లు. “అగో, గవి నీళ్లు గాదే, మన పాలిస్టర్ బట్ట!” అని పద్మత్త గట్టిగా అంటే ముందువాళ్లు వెనక్కి తిరిగారు. రేవా పాట ఎత్తుకుంది. నేను పద్మత్త వైపు తిరిగి తెలుగులో పెదాలు కదిలించాను. ఆమె కళ్లు చికిలించింది.

“కనపడ్తలేదే నీ నోరు.”

షెడ్డులో పగలూ రాత్రీ ట్యూబులైట్లు వెలుగుతాయి. నాటకశాలలో దీపాలు ఆర్పుతారన్న సంగతి మా ఇద్దరికీ తట్టనే లేదు. చెవిలో చెప్పబోతే నా గుసగుస ఆమెకు చేరలేదు. విశ్రాంతి వేళ “నువ్వు చూడు బిడ్డా. నాకు గా బట్టలు చూస్తే సాలు” అంది. ఆ మాట విని కూర్చోలేకపోయాను.

ముందు వరుసలో ఓ పక్కన ఖాళీలున్నాయి. వేదిక మీది వెలుతురు అక్కడ పడుతోంది. తలుపు దగ్గరి పెద్దాయనను “కాకా” అని రెండుసార్లు పిలిచాను, వినిపించుకోలేదు. మూడోసారి గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో, టీ కోసం నిలబడ్డవాళ్లంతా నావైపు చూశారు. మా అత్తకు వినపడదని, నా నోరు కనపడితే చాలని గుజరాతీలో గబగబా చెప్పేశాను.

“ఇంత గొంతుంటే వెనకెందుకు కూర్చున్నావు బెన్? రా” అన్నాడాయన, చెల్లెలిని పిలిచినట్టు.

ముందు వరుసలో వేదికకు ఓరగా తిరిగి, పద్మత్తకు ఎదురుగా నేల మీద ఒదిగి కూర్చున్నాను. వెలుతురు నా చెంప మీద పడింది. ఒడ్డంతా జనం చూస్తుండగా రేవా నోరు తెరిచింది. నేను చూడలేదు. పద్మత్త ముఖంలో చూశాను. పాట సాగేకొద్దీ ఆమె పెదాలు కూడా నాతో కదిలాయి, కళ్లు నిండాయి.

బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. “పక్కోళ్లు మూతి మీద ఏలు పెట్టి నిన్ను ఊకోమన్నరు, ఎరుకేనా? నువ్వు నిజంగనే గొంతెత్తినవ్ బిడ్డా!”

పెదాలే కదిలిస్తున్నాననుకున్నాను. నేను పాడానన్న సంగతి వినపడని మనిషి చెబితే తెలిసింది.

పద్మత్త ఇప్పుడు సూరత్ శివారు ఉన్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. రాత్రి వీడియో కాల్ చేసి, నాటకం వచ్చిందని పెదాలతో చెప్పాను. “చీకట్ల కూసోపెడితే రాను” అంది. ముందు వరుసలో రెండు సీట్లు తీసుకున్నాను. నాకు ఇప్పటికీ ఒక అలవాటు ఉంది. ఎవరితోనైనా ముఖ్యమైన మాట చెప్పాల్సి వస్తే, ముందు వెలుతురు వైపు తిరుగుతాను. నోరు బాగా తెరుస్తాను. గొంతు దానంతటదే వస్తుంది.