బోరు మామకు పంపిన మెసేజ్

పొద్దున్నే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నాయన అట్లే నిలబడిపోయాడు.

"బోరు మామ పోయినాడంట రా. కంబదూరులో, బండి కాడనే. గుండె పట్టుకున్నాడంట."

నాకు మొదట గుర్తొచ్చింది మామ ముఖం కాదు. ముందురోజు సాయంత్రం నేను పంపిన మెసేజ్.

మా పక్కింటాయన. బోరు లారీ మీద పని కాబట్టి ఊరందరికీ బోరు మామే. అంతకుముందు గల్ఫ్‌లో బోర్లు వేసి వచ్చాడు. అక్కడి ఫోర్‌మెన్‌ది ఆస్ట్రేలియా. పైపు సరిగ్గా దింపితే వీపు తట్టి "గుడ్ ఆన్ యా, మేట్" అనేవాడట. భేష్ రా దోస్తు అని. ఒకరోజు మామ చేతిలోంచి పైపు జారి బోరులో పడిపోయింది. ఫోర్‌మెన్ చేతులు కట్టుకుని, మెల్లగా, అదే మాట అన్నాడట.

"నేను నవ్వి థ్యాంక్యూ అంటి. అందరూ పడీపడీ నవ్విరి. మనం 'బాగా చేస్తివిలే అప్పా' అనమా, అట్లాంటిదే. మాట ఇంటే సాలదు రా, మొగం చూడల్ల" అనేవాడు మామ.

బోరులో దుమ్ము తప్ప ఏమీ రాకపోతే, బండి కదిలేముందు ఆ రైతు ఇంట్లో నీళ్లు అడిగి తాగేవాడు. "ఊరికే పోతే ఆయప్ప మొగం ఎవరు చూస్తారు?" అనేవాడు.

నేను ఎదురుగా మాట్లాడలేను. ఏదున్నా ఫోన్‌లో కొట్టి పంపేవాణ్ణి. మామకు చదువు రాదు. నా మెసేజ్ వస్తే పక్కన ఎవరుంటే వాళ్లతో చదివించుకునేవాడు.

ఈసారి చెనిక్కాయ పంట ఊడలు దిగి కాయ పట్టే సమయానికి మా బోరు ఎండిపోయింది. మామ వచ్చి చేనులో కొత్త బోరుకు పాయింట్ చూసి, రాయి పెట్టి, దానికి సున్నం పూశాడు. "సోమవారం బండి ఈడుంటాది" అన్నాడు. సోమవారం రాలేదు. బుధవారానికి చెట్లు వాలిపోయాయి. కోపంతో కొట్టాను: గుడ్ ఆన్ యా మేట్.

గురువారం మామ లేడు.

శవం దగ్గర కంబదూరు టీ హోటలాయన అందరికీ చెబుతున్నాడు. "నిన్న సాయంత్రం ఫోనిచ్చి చదవమన్యాడు. మూడుసార్లు చదివించుకున్యాడప్పా. 'మా పిల్లోడు నన్ను మేట్ అన్యాడు' అని అందరికీ టీ ఇప్పించినాడు. తెల్లారంగానే పిల్లోని చేనికి బండి తోలల్లని డ్రైవర్‌తో కొట్లాడినాడు."

మాట చేరింది. నా మొగమే చేరలేదు.

మామ భార్య, మా అత్త, నా చెయ్యి పట్టుకుంది. "కడసారి నీ మెసేజ్‌కే నవ్వినాడు నాయనా" అంది. తల ఊపాను. అది కోపంతో కొట్టిందని ఆమెకు ఇంకా చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

చేను ఎండిపోయింది. నాయన మళ్లీ దున్నుతున్నాడు. సున్నం పూసిన రాయి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఎద్దులను పక్కకు తిప్పి, దాని చుట్టూ పోతున్నాడు.