బోర్లించిన గ్లాసు

రాతి గట్టు మీద స్టీలు గ్లాసు బోర్లిస్తే టక్కుమని ఒక చప్పుడు వస్తుంది. పెద్ద చప్పుడేమీ కాదు. అయినా ఎవరింట్లో ఆ చప్పుడు విన్నా నాకు ఎస్తేరమ్మ గారే గుర్తొస్తారు. ఈ పొద్దున్న కూడా అంతే. బయట వాన పడుతోంది. బిళ్ల వేసుకుని, నీళ్లు తాగి, గ్లాసు బోర్లించి, దానికి ఫొటో తీసి ఫోన్లో మా గ్రూపులో పెట్టాను. ఏడేళ్లుగా రోజూ చేస్తున్న పనే. తర్వాత మిగతావాళ్ల గ్లాసులు ఒక్కొక్కటే చూస్తుంటే ఒక ఫొటో దగ్గర నా వేలు ఆగిపోయింది. ఆ సంగతికి తర్వాత వస్తాను. ఆవిడ దగ్గర నేర్చుకోకపోతే ఆ ఫొటోలో తేడా నాకు కనిపించేదే కాదు కాబట్టి, ముందు ఆవిడ గురించి చెప్పాలి.

నాకు ఇరవయ్యో ఏట, విశాఖపట్నంలో డిగ్రీ చదువుతుండగా, మనసుకు జబ్బు చేసింది. హాస్టల్ గదిలో ఫ్యాను తిరుగుతుంటే అందులోంచి ఎవరో నా గురించి మాట్లాడుకుంటున్నట్టు వినిపించేది. మెస్సులో ఎవరు నవ్వినా నన్ను చూసే నవ్వారని తేల్చేసుకునేదాన్ని. తిండి మానేశాను, నిద్ర పోయింది. మా అన్నయ్య వచ్చి ఆస్పత్రిలో చేర్పించాడు. డాక్టర్లు దాన్ని సైకోసిస్ అన్నారు. నెలన్నర తర్వాత మా ఊరు నాతవరం తిరిగొచ్చాను. అమ్మ మాత్రం ఊళ్లో అందరికీ టైఫాయిడ్ అని చెప్పింది. ఆ టైఫాయిడ్ పదకొండు నెలలు తగ్గలేదు. అంత మొండి టైఫాయిడ్ లోకంలో ఇంకెవరికీ వచ్చి ఉండదు.

నర్సీపట్నంలో ఒక క్లినిక్‌కి వారానికోసారి మానసిక వైద్యుడు వచ్చేవారు. అక్కడ బెంచీల మీద నా ఈడు వాళ్లు చాలామందే ఉండేవారు. చున్నీలు, తువ్వాళ్లు ముఖానికి అడ్డం పెట్టుకుని, ఒకరినొకరు చూడకుండా కూర్చునేవాళ్లం. ఎస్తేరమ్మ గారు అక్కడ పేర్లు రాసేవారు. మిషన్ చర్చి కుటుంబం వాళ్లది. ముప్పయ్యేళ్లు నర్సుగా పనిచేసి రిటైరయ్యాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక వచ్చేవారు. సన్నటి మనిషి, నెరిసిన జుట్టు బిగించి కట్టిన ముడి, మాటలో మొహమాటం లేదు. మొదటిరోజు నన్ను రెండే ప్రశ్నలు అడిగారు.

"ఫోనుందా?"

"ఉందండి."

"ఇంట్లో గ్లాసుందా?"

నవ్వాలో వద్దో తెలియక, ఉందండి అన్నాను.

"అయితే సాలు. రేప్పొద్దున్న ఏడింటికి బిళ్లేసుకుని, గ్లాసు బోర్లించి మన వాట్సాప్ గ్రూపులో ఫొటో ఎట్టు. ఏటీ రాయక్కర్లేదు. గుడ్మార్నింగులు, పువ్వులు, దేవుడి బొమ్మలు ఎట్టేవంటే మాత్రం తీసిపారేస్తాను. మా యేసు బొమ్మైనా సరే."

అలా నేను పద్నాలుగో గ్లాసునయ్యాను. ఒకరి ముఖం ఒకరం ఎరగం గానీ, ఒకరి గ్లాసులు ఒకరికి బాగా తెలుసు. నక్కపల్లి అతని గ్లాసు మీద వాళ్ల అక్క పెళ్లి తేదీ చెక్కి ఉండేది. పైన ఏజెన్సీలో ఉండే ఒకమ్మాయికి ఊళ్లో సిగ్నల్ అందదు. కొండమీదికి ఎక్కితే గానీ ఫొటో వెళ్లదు కాబట్టి, ఆమె సిల్వర్ గ్లాసు నల్లరాయి మీద బోర్లా పడుకుని మధ్యాహ్నానికి వచ్చేది. అందరికంటే ముందు వచ్చేది మాత్రం అంచు సొట్టబోయిన ఎస్తేరమ్మ గారి గ్లాసు.

పొద్దున్న గ్లాసులయ్యాక, సాయంత్రాలు ఎవరికి ఏది చెప్పుకోవాలనిపిస్తే అది చెప్పుకునేవాళ్లం. ఒకరోజు, ఫ్యాను మళ్లీ మాట్లాడుతోందని రాశాను. అదంతా నీ భ్రమ అని ఎవరో జవాబిచ్చారు. వెంటనే ఎస్తేరమ్మ గారి వాయిస్ మెసేజ్ వచ్చింది. "నాకు వినపడదమ్మా. నీకు వినపడతంది. అబద్ధమని నేననను, నిజమనీ అనను. భయమేస్తందా? అది సెప్పు." ఇంట్లోవాళ్లు, చుట్టాలు, చదువుకున్నవాళ్లు ఎందరో నాకు నచ్చజెప్పారు గానీ, భయమేస్తోందా అని అంతవరకూ ఒక్కరూ అడగలేదు. ఆ రోజు ఫోను పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. ఏడిస్తే హాయిగా కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఏడాది తిరిగేసరికి కుదుటపడ్డాను. నర్సీపట్నంలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో దరఖాస్తులు టైపు చేసే ఉద్యోగం దొరికింది. ఆ ఉద్యోగం నాకు ప్రాణం. అయితే బిళ్ల వేసుకుంటే పదింటిదాకా మగతగా ఉండేది. ఒకసారి ఒక పెద్దాయన పేరు బదులు ఆయన తండ్రి పేరు కొట్టేశాను. ఓనరు పదిమందిలో విసుక్కున్నాడు. జబ్బు తగ్గిపోయింది కదా, ఇంకా ఎందుకీ బిళ్ల అనుకున్నాను. మానేశాను.

మరి గ్లాసు? ఏరు దాటి తెప్ప తగలేసే తెలివి నాకు అప్పటికే వచ్చేసింది. ఒక ఆదివారం ఎండ బాగా ఉన్నప్పుడు, గ్లాసును అటూ ఇటూ జరుపుతూ ఇరవై ఫొటోలు తీసి పెట్టుకున్నాను. రోజుకొకటి పంపేదాన్ని. రెండు వారాలు గడిచేసరికి నిద్ర తగ్గింది. గ్రూపులో ఎవరైనా నా ఫొటో చూసినట్టు నీలం టిక్కులు పడితే, వీళ్లంతా కూడబలుక్కుని నన్ను కనిపెడుతున్నారని అనుమానం మొదలైంది. అది జబ్బేనని నాకు తట్టలేదు. నా తెలివికి వాళ్లు కుళ్లుకుంటున్నారనుకున్నాను.

ఇంతలో అల్పపీడనం పట్టింది. మూడు రోజులు ఒకటే వాన. నాలుగో రోజు మా వాకిట్లో షేర్ ఆటో ఆగింది. చీర కుచ్చిళ్లు తడిసి ముద్దయిన ఎస్తేరమ్మ గారు గొడుగు ముడుచుకుంటూ లోపలికొచ్చారు. అమ్మ కంగారుపడి, "ఇంత వానలో ఏటి నర్సమ్మ గారూ, బాగున్నారా?" అంది.

"ఏటి బాగు వదినా. మూడ్రోజుల్నించి బట్టలారక సస్తన్నాం. జిల్లా అంతా వానే. మీ ఇంటికాడ ఒక్కదగ్గరే ఎండ కాస్తందని ఫోన్లో సూసేను. ఆరేసుకుందామని వచ్చేను."

అమ్మకు అర్థం కాలేదు. నాకు మాత్రం వెంటనే అయింది. ఆ పొద్దున్న నేను పంపిన ఫొటోలో గ్లాసు నీడ గట్టు మీద పొడుగ్గా పడి ఉంది.

ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. టీ అడిగి తాగారు. అమ్మ వంటింట్లోకి వెళ్లాక, "ఎందుకు మానేసేవే?" అన్నారు. మగత గురించి చెప్పాను. ఉద్యోగం పోతుందన్న భయం చెప్పాను. నీలం టిక్కుల గురించి కూడా చెప్పేశాను.

"మగతొస్తందని డాక్టరు గారికి సెప్పాలి గానీ, గ్లాసుకి సెప్తే ఏటి లాభం? పద, రేపే ఎల్దాం."

"మీకెలా తెలుస్తుంది నా బాధ? మీరూ రోజూ బోర్లిస్తారు గానీ, మీకేం జబ్బు?" అన్నాను, కోపంగానే.

"బీపీ. ఏ బిళ్లయినా బిళ్లేనే. నువ్వు నీది సూపిస్తంటే, నేను నాది దాసుకుంటానేటి?"

మర్నాడు ఆవిడే దగ్గరుండి తీసుకెళ్లారు. డాక్టరు గారు మందు మార్చారు. మగత తగ్గింది, ఉద్యోగం నిలబడింది, టిక్కులు మళ్లీ ఉత్త టిక్కులయ్యాయి. గ్రూపులో అందరికీ చెప్పేస్తారా అని భయపడుతూ అడిగితే, "నీ గ్లాసు నీది. నేనెవర్తెని సెప్పడానికి?" అన్నారు.

వారం రోజులు నలిగి, ఒక పొద్దున్న నీళ్లు నిండిన గ్లాసును నిలబెట్టి ఫొటో తీశాను. మూడు వారాలు మీకు అబద్ధం చెప్పాను, క్షమించండి అని కింద రాసి పంపాను. తిడతారనుకున్నాను. కాసేపటికి నక్కపల్లి గ్లాసు వచ్చింది, నిండుగా, నిలబడి. తర్వాత ఇంకోటి. మధ్యాహ్నానికి కొండమీంచి నల్లరాయి మీద సిల్వర్ గ్లాసు కూడా నిలబడే వచ్చింది. నేనొక్కదాన్నే దొంగననుకున్నాను. ఎస్తేరమ్మ గారు ఆ రోజే రూలు మార్చారు. వేసుకోని రోజు గ్లాసు నిలబెట్టి పంపాలి. ఎవరూ తిట్టకూడదు, ఒకరు ఫోను చెయ్యాలి. అంతే.

రెండేళ్ల కిందట ఆవిడ గుండె ఆగి పోయారు. ఆ రోజు కూడా సొట్ట గ్లాసు అందరికంటే ముందే వచ్చింది. సమాధి కార్యక్రమం అయ్యాక చర్చి ఆవరణలో అందరికీ కాగితం కప్పుల్లో టీ ఇచ్చారు. మావాళ్లు ఎవరైనా వచ్చారేమోనని చూశాను గానీ, ముఖాలు తెలియవు కదా. టీ తాగి, ఏదో ఆలోచిస్తూ కప్పు బల్ల మీద బోర్లించాను. తలెత్తి చూస్తే అదే బల్ల మీద అప్పటికే ఇంకో ఆరు కప్పులు బోర్లించి ఉన్నాయి. వాటి వెనక నిలబడ్డ ఆరుగురూ నన్నే చూస్తున్నారు. నల్లరాయి మీద గ్లాసు నాదేనంటూ కొండమీది అమ్మాయి ముందుగా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అప్పటినుంచి గ్రూపు నేను చూసుకుంటున్నాను.

ఇక ఈ పొద్దున్న సంగతి. నా వేలు ఆగిన ఫొటో ఏటికొప్పాక నుంచి కొత్తగా చేరిన అమ్మాయిది. వాళ్లింట్లో లక్కబొమ్మలు చేస్తారు. గ్లాసు పక్కన ఎర్రరంగు అంటిన చెక్కపొట్టు తునక ఒకటి ఉంది. వెనక్కి వెళ్లి పాత ఫొటోలు చూశాను. నిన్న అదే తునక. మొన్న అదే తునక. నాలుగు రోజులుగా అంగుళం కదల్లేదు.

సెంటర్‌కి ఆలస్యంగా వస్తానని ఫోను చేశాను. మేకుకు వేలాడుతున్న నల్లగొడుగు తీసుకున్నాను. ఆ రోజు నాతవరంలో వాన వెలిశాక ఎస్తేరమ్మ గారు మా ఇంట్లో మర్చిపోయినది. తిరిగివ్వబోతే, ఉంచుకో, నీకూ ఓ రోజు అవసరమొస్తాది అన్నారు. దారిలో బజారులో ఆగి ఒక వస్తువు కొన్నాను. షేర్ ఆటోలో అందరూ నన్ను వింతగా చూశారు.

గ్రూపులో చేరినప్పుడు ఇచ్చిన చిరునామా పట్టుకుని వెళ్లి తలుపు తట్టాను. తీసింది ఆ అమ్మాయే. కళ్ల కింద నల్లగా ఉంది. ముందు గొడుగు చూసింది, తర్వాత నా చంకలో ఉన్న కొత్త చీపురు చూసింది.

"నాల్రోజుల్నించి మీ ఇల్లు ఊడవడం లేదని ఫోన్లో సూసేనమ్మా," అన్నాను. "సీపురు లేదేమోనని తెచ్చేను."

ఆ అమ్మాయి తల దించుకుంది. తర్వాత నెమ్మదిగా నా చేతిలోంచి గొడుగు అందుకుని, "లోపలికి రా అక్కా, టీ ఎడతాను," అంది.